గంటల లెక్కన క్రికెట్

లెదర్ బంతితో ఆడాలనుకునే హైదరాబాదీకి శని, ఆదివారాల్లో దిక్కు మొయినాబాద్. అజీజ్‌నగర్ దాటిన దగ్గర్నుంచి చిలుకూరు మలుపు, కనకమామిడి, ఆపైన చేవెళ్ల వైపు, మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా అద్దె గ్రౌండ్లు కనిపిస్తుంటాయి. ఒకపక్క ఫామ్‌హౌస్ ప్రహరీ, ఇంకోపక్క టమాటా చేను, నడుమ బౌండరీ తాడు. తెల్లారకముందే కిట్‌బ్యాగులతో బయల్దేరే కార్లలో పాతికేళ్ల కుర్రాళ్లుంటారు, మోకాలికి పట్టీ కట్టుకున్న నాలాంటి ఆఫ్‌స్పిన్నర్లూ ఉంటారు.

బంతి ఎవరికివ్వాలో తానే నిర్ణయిస్తానని మా కెప్టెన్ నమ్మకం. సగం నిర్ణయాలు గ్రౌండ్ ఓనరు బుకింగ్ పుస్తకంలో అప్పటికే అయిపోయి ఉంటాయి.

ఓనరు అమ్మేది స్లాట్లు. పొద్దున్నే ఒకటి, పది దాటాక ఒకటి, మధ్యాహ్నం ఒకటి, లైట్లుంటే రాత్రికి మరొకటి. అంతర్జాతీయ టీ20లో ఒక్కో ఇన్నింగ్స్‌కు 85 నిమిషాలిస్తారు. అక్కడ తాడు బయట పడ్డ బంతిని అందించడానికి మనుషులుంటారు. ఇక్కడ సిక్సర్ కొడితే బంతి చేన్లో పడుతుంది, ఫీల్డర్లంతా పోయి వెతకాలి. టాసూ, ఆలస్యంగా వచ్చిన ఓపెనరూ కూడా మన స్లాట్‌లోనే. పదిహేనో ఓవర్ వచ్చేసరికి తర్వాతి జట్టు ప్యాడ్లు కట్టుకుని తాడు దగ్గర నిలబడుతుంది. అప్పుడు నేను ఫీల్డ్ మారుస్తానంటే కెప్టెన్ చేతులు జోడిస్తాడు: "అన్నా, ముందు బాల్ వెయ్యి. టైమ్ లేదు." స్పిన్ బౌలింగ్‌లో సగం ఆ ఫీల్డ్ మార్చుకోవడమే. మిడాన్‌ను నాలుగడుగులు ముందుకు పిలిచి, బ్యాట్స్‌మన్‌కు ఖాళీ చూపించి, రెండు బంతులు మామూలుగా వేసి, మూడోది గాల్లో నిదానంగా వదలాలి. స్లాట్ క్రికెట్లో ఆ మూడో బంతి దాకా ఆగనిచ్చేవాళ్లు లేరు.

తాడు సంగతీ అంతే. ఐసీసీ లెక్కన బౌండరీ పిచ్ మధ్య నుంచి కనీసం 65 గజాలుండాలి. ఆ గుండ్రానికే దాదాపు రెండుముప్పావు ఎకరాల నేల కావాలి. అయిదెకరాలున్నాయన ఒక్క గ్రౌండ్ ఎందుకు వేస్తాడు? రెండు వేస్తాడు, పార్కింగ్ తీస్తాడు, తాళ్లు లోపలికి జరుగుతాయి. నా బంతికి బ్యాట్ అంచు తగిలినా ఆరు పరుగులు. దాంతో కెప్టెన్లు స్పిన్నర్లను పక్కనపెట్టి, నేలకేసి కొట్టే మీడియం పేసర్లతో ఓవర్లు లాగించేస్తారు. కొత్త కుర్రాళ్లలో స్పిన్ నేర్చుకుంటానని వచ్చేవాడు నాకీ మధ్య ఎదురుపడలేదు.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ పిచ్‌కే. బంకమట్టికి నీళ్లు పట్టాలి, ఆరనివ్వాలి, సరైన తడి మీద రోలర్ తిప్పాలి, అప్పుడే మట్టి బిగుస్తుంది. మ్యాచ్ అయ్యాక బౌలర్ల కాళ్లు పడి ఏర్పడిన గుంటలు పూడ్చి, మళ్లీ తడిపి, కొన్నాళ్లు వదిలేయాలి. పెద్ద స్టేడియాల్లో పక్కపక్కనే అన్నేసి పిచ్‌లు ఉండేది ఒకటి ఆడుతుంటే మిగతావి కోలుకోవడానికే. మేం ఆడే ఒక గ్రౌండ్‌లో బంతి చీలమండ ఎత్తుకు మించి లేవట్లేదని గ్రౌండ్స్‌మన్‌ను అడిగాను. "రాత్రి మ్యాచ్ అయితది, పొద్దుగాల ఆరింటికి మళ్ల మ్యాచ్. నీళ్లెప్పుడు పట్టాలె సార్?" అన్నాడు. గ్రౌండంతటికీ ఆయనొక్కడే. గడ్డి కోసేదీ, సున్నం గీతలు వేసేదీ, టీ తెచ్చేదీ ఆయనే. బయట బోర్డు మీద మాత్రం "టర్ఫ్ వికెట్" అని రాసి, దానికో రేటు.

ఇలాంటి టర్ఫ్ కన్నా మ్యాటింగ్ నయమంటాను, నన్ను పాతకాలం మనిషి అన్నా సరే. కాంక్రీటు మీద బిగించిన కొబ్బరిపీచు పట్టాకు విశ్రాంతి అక్కర్లేదు. బంతి లేస్తుంది, తిరుగుతుంది, ఎలా లేస్తుందో ఇద్దరికీ ముందే తెలుస్తుంది. కానీ టర్ఫ్ అంటేనే ఫొటో బాగుంటుంది.

ఓనర్లను తిట్టి ఊరుకోవడం కుదరదు. ఈ గ్రౌండ్లు ఇక్కడ మొలవడానికి నాకు తోచే కారణం జీవో 111. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీటి రక్షణ కోసం 1996 మార్చిలో వచ్చిన ఆ ఉత్తర్వు, ఆ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో పరిశ్రమలకూ పెద్ద హోటళ్లకూ నివాస కాలనీలకూ అడ్డుకట్ట వేసింది. కట్టకూడని నేలకు ఆట మంచి బేరం. 2022లో జీవో 69 ఆ ఆంక్షల్ని సడలించింది, 2023 మేలో రద్దుకు కేబినెట్ నిర్ణయం తీసుకుంది. రేపు విల్లాలు లేచే అవకాశమున్న చోట, నాలుగేళ్ల లీజు మీద గ్రౌండ్ నడిపేవాడు మంచి పిచ్ తయారయ్యేదాకా ఓపిక పడతాడా? ఈ ఆదివారం డబ్బులు ఈ ఆదివారమే రావాలి.

సియాటిల్‌లో ఉండే మా మేనల్లుడు స్కీయింగ్‌కు వెళ్తాడు. అక్కడా ఇదే గొడవట. వెయిల్ రిసార్ట్స్ అనే కంపెనీ 2008లో సీజనంతా చెల్లే ఎపిక్ పాస్‌ను 579 డాలర్లకు అమ్మింది, తర్వాత కొండ మీద కొండ కొంటూ పోయింది. పాస్ చవకైంది, లిఫ్టుల దగ్గర క్యూలు పెరిగాయని పాతవాళ్ల ఫిర్యాదు. 2024 డిసెంబరు చివర్లో యూటాలో ఆ కంపెనీకే చెందిన పార్క్ సిటీలో, కొండ మీద భద్రత చూసే పెట్రోలర్లు జీతాల కోసం సమ్మె చేశారు. గంటకు 21 డాలర్ల ప్రారంభ వేతనాన్ని 23 చేయమన్నారు. పండుగ సెలవుల్లో వాలుల్లో చాలా భాగం తెరుచుకోలేదు, వేలు పోసి వచ్చినవాళ్లు గంటల తరబడి క్యూల్లో నిలబడ్డారు. అది వింటుంటే నాకు మా గ్రౌండ్స్‌మనే గుర్తొచ్చాడు. ఆయనకు సమ్మె చేయడానికి రెండో మనిషి కూడా లేడు.

మేమూ తక్కువ వాళ్లమేం కాదు. వాట్సాప్ గ్రూపులో ఓటింగ్ పెడితే ఎప్పుడూ గెలిచేది చవక గ్రౌండే. తలకు వంద ఎక్కువైనా పర్లేదు, పిచ్‌కు వారంలో రెండ్రోజులు సెలవిచ్చే చోటికి పోదామని నేను రాస్తే, రెండు బొటనవేళ్లు వచ్చాయి. అందులో ఒకటి మా ఇంకో స్పిన్నర్‌ది.

ఇప్పుడు బుకింగ్‌కు ఫోన్ చేసేది నేనే. రేటు అడిగే ముందు ఒకటే అడుగుతాను, ఈ వారం ఆ పిచ్ మీద ఎన్ని మ్యాచ్‌లయ్యాయని. మొన్న ఒకాయన కాసేపు ఆలోచించి, "పిచ్ సంగతి వదిలెయ్యండి సార్, మా దగ్గర యూట్యూబ్ లైవ్ ఉంది" అన్నాడు.