కోనసముద్రం కొలిమి

18వ శతాబ్దంలో అమెరికా సిపాయిలు తుపాకి మందు పోసుకునే ఎద్దు కొమ్ముల మీద పేర్లు, తేదీలు, కోటలు, నదుల పటాలు చెక్కుకునేవాళ్లు. దక్కన్ సిపాయి కత్తికి చాలాసార్లు ఆ అవసరమే రాలేదు. నగిషీ ఉక్కు లోపలే ఉండేది.

ఆ ఉక్కు పుట్టిన ఊళ్లలో ఒకటి నిజామాబాద్ జిల్లా సిరికొండకు దగ్గర్లోనే ఉంది. భీమ్‌గల్ దాటి కమ్మర్‌పల్లి వైపు పోతే కోనసముద్రం. త్రికోణమితి సర్వేలో పనిచేసిన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ ఈ ఊరి కొలిములను కళ్లారా చూసి రాశాడు. ఆయన 1824లో చనిపోయాక, 1832లో ఆ వ్యాసం అచ్చయింది.

పని ఓపికతో కూడింది. రెండు చోట్ల ఇనుమును మూడు పాళ్లకు రెండు పాళ్లుగా కలిపి, పాత కొలిమిలోని గాజులాంటి చిట్టెం కాస్త చేర్చి, మట్టి మూసలో పెట్టి మూసేవారు. ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఆగేవి కావు. చల్లారిన మూస పగలగొడితే గుండ్రని ఉక్కు బిళ్ల! అయినా అది పెళుసు. బంకమట్టి పూసి మళ్లీ గంటల తరబడి కాల్చాలి, అదీ మూడు నాలుగు సార్లు.

దీనికోసం ఇస్ఫహాన్ నుంచి వర్తకులు ఇంత దూరం వచ్చి, కొలిమి దగ్గరే నిలబడి పని చేయించుకునేవారు. పర్షియా కమ్మరి ఆ బిళ్లను తక్కువ వేడి మీద సాగగొట్టి, సానబట్టి, ఆమ్లపు నీళ్లు పూస్తే కత్తి పొడవునా నీటి అలల్లాంటి గీతలు తేలేవి. ఉక్కులోని కర్బనం వరసలు కట్టడం వల్ల వచ్చే గీతలవి. ఎంత అందం! దానికి మూలం మన కమ్మరి మూసే.

కోనసముద్రంలో నల్లని చిట్టెం ముక్కలు, విరిగిన మూసల పెంకులు పురాతత్వ పరిశోధకులకు నేలమీదే దొరికాయి.