బస్సు లారీని ఎక్కడ అందుకుంటుంది?

మదనపల్లె టమాటా మార్కెట్ నుంచి తెల్లవారుజామున ఐదింటికి ఒక లారీ పుంగనూరు మీదుగా కుప్పం బయలుదేరింది. గంటకు 40 కిలోమీటర్ల వేగం. అరగంట తర్వాత అక్కడినుంచే, అదే దారిలో ఒక బస్సు 60 కిలోమీటర్ల వేగంతో బయలుదేరింది. లారీని ఎప్పుడు అందుకుంటుంది?

ఎనిమిదో తరగతిలో ఇలాంటి లెక్క ఇస్తే పిల్లల ధ్యాసంతా సూత్రం మీదికే పోతుంది. వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం. అది అందరికీ కంఠతా వచ్చు, అయినా పెన్ను కదలదు. ఇక్కడ వేగాలు రెండు, కాలాలు రెండు. దూరం ఎంతో చెప్పనే లేదు.

అసలు పని సూత్రానికి ముందే ఉంది. రెండు బండ్లూ కలిసే చోట ఏది సమానం? లారీ అరగంట ఎక్కువ నడిచింది కనుక కాలం కాదు. వేగాలు ఎలాగూ వేరు. మిగిలింది దూరం: రెండూ ఒకే చోట బయలుదేరి ఒకే చోటికి చేరాయి. ఈ మాట దొరికాక మిగతాది బీజగణితం చూసుకుంటుంది. బస్సు నడిచిన కాలం ‘క’ గంటలైతే లారీ నడిచింది క + ½ గంటలు. కాబట్టి 60క = 40(క + ½). అంటే 20క = 20, క = 1. ఆరున్నరకు, మదనపల్లె నుంచి 60 కిలోమీటర్ల దగ్గర బస్సు లారీని అందుకుంటుంది.

పుంగనూరు సుమారు 30 కిలోమీటర్లు. అంటే అది దాటాక, కుప్పం రాకముందు. జవాబు దారిలోనే ఉంది. లెక్క తప్పి 600 కిలోమీటర్లని వస్తే, ఆ రోడ్డు మీద తిరిగే పిల్లవాడు మాస్టారు చెప్పకముందే మళ్లీ చూసుకుంటాడు. పిల్లలకు తెలిసిన ఊళ్ల పేర్లతో లెక్కలివ్వడం అందుకే అవసరం.

ఇదే లెక్కకు ఇంకో దారి ఉంది. బస్సు కదిలేసరికి లారీ 20 కిలోమీటర్లు ముందుంది. గంటకు 20 చొప్పున ఆ ఎడం తరుగుతుంది. గంటలో సరి.

ఈ ఆలోచన చాలా పాతది. క్రీ.శ. 850 ప్రాంతంలో కన్నడ దేశంలో మహావీరాచార్యుడు రాసిన ‘గణితసార సంగ్రహం’లో నాకు ఎంతో ఇష్టమైన పాము లెక్క ఒకటి ఉంది. 80 అంగుళాల నల్లపాము పుట్టలోకి దూరుతోంది. రోజులో 5/14 వంతు కాలానికి ఏడున్నర అంగుళాలు లోపలికి పోతుంది. ఈలోగా పావు రోజుకు 11/4 అంగుళాల చొప్పున తోక పెరుగుతోంది. రోజు లెక్కన చూస్తే లోపలికి పోయేది 21, పెరిగేది 11. నికరంగా పది. ఎనిమిది రోజుల్లో పాము పూర్తిగా లోపలికి పోతుంది. బస్సు, లారీల లెక్కా ఇదే. ఈ గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు.

సగటు వేగం దగ్గర మాత్రం పెద్దవాళ్లూ తడబడతారు. 30 కిలోమీటర్ల పుంగనూరుకు 60 వేగంతో వెళ్లి, 40తో తిరిగొస్తే సగటు 50 కాదు. వెళ్లడానికి 30 నిమిషాలు, రావడానికి 45. మొత్తం 60 కిలోమీటర్లకు 75 నిమిషాలు, సగటు 48. నెమ్మదిగా నడిపినప్పుడు రోడ్డు మీద ఎక్కువసేపు ఉన్నాం మరి.

పదో తరగతికి వస్తే వర్గ సమీకరణాలు. 90 కిలోమీటర్లు వెళ్లే బస్సు వేగం 15 పెంచితే అరగంట ముందే చేరుతుంది, అసలు వేగమెంత? సమీకరణం రెండు జవాబులిస్తుంది: 45, −60. చాలామంది రెండోదాన్ని కొట్టేసి ముందుకు పోతారు. ఎందుకు కొట్టేశారో ఒక వాక్యం రాయమనాలి, దానికీ ఒక మార్కు ఇవ్వాలి. అలాగే సమీకరణం రాయకముందు, ఏది దేనితో సమానమో తెలుగులో ఒక వరుస రాయించాలి. మదనపల్లె పక్కనే రిషివ్యాలీ బడిలో ఏళ్ల తరబడి గణితం చెప్పిన శైలేష్ శిరాలి సమస్యల సాధన మీద పుస్తకాలే రాశారు. మన బడుల్లో దానికి వారానికి ఒక పీరియడ్ కేటాయించినా చాలు.