డ్రమ్మర్ లేని రాక్ బృందం

రాక్ సంగీతమంటే చెవులు దిమ్మెక్కించే మోతేనని అనుకునేవారికి ‘కలోసల్ యూత్’ వినిపించాలి. 1980 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో విడుదలైన ఈ ఆల్బమ్‌లో 15 పాటలున్నాయి. చేసినవారు మాత్రం ముగ్గురే: గాయని ఆలిసన్ స్టాటన్, గిటారు, ఆర్గన్ వాయించిన స్టువర్ట్ మాక్సమ్, బాస్ వాయించిన అతని సోదరుడు ఫిలిప్. వేల్స్‌లోని కార్డిఫ్ వాళ్ల ఊరు. బృందం పేరు యంగ్ మార్బుల్ జెయింట్స్. రెండో ఆల్బమ్ చేయకుండానే విడిపోయారు.

తర్వాతి తరాల్లో చాలామంది ఈ ఆల్బమ్ దగ్గరికి చుట్టుదారిలో వచ్చారు. రాక్ బృందం నిర్వాణా గాయకుడు కర్ట్ కోబేన్ తనకు నచ్చిన 50 ఆల్బమ్‌ల పట్టికలో దీని పేరు రాసుకున్నాడు. 1994లో కోర్ట్నీ లవ్ బృందం హోల్, ఇందులోని ‘క్రెడిట్ ఇన్ ద స్ట్రెయిట్ వరల్డ్’ను తమ ఆల్బమ్‌లో మళ్లీ పాడింది. గొంతు చించుకుని పాడిన ఆ పాట విని మూలాన్ని వెతుక్కుంటూ వెళ్లినవారికి, దాదాపు మాట్లాడుతున్నట్టే సాగే పాట ఎదురవుతుంది. అంత హోరెత్తించే సంగీతకారులు ఇంత నెమ్మదైన రికార్డును ఎందుకు తలకెత్తుకున్నారు?

జవాబు పెద్ద కంపెనీల మీద ఆధారపడని ‘ఇండీ’ సంగీతం పుట్టుకలోనే ఉంది. 1977 జనవరిలో మాంచెస్టర్ పంక్ బృందం బజ్‌కాక్స్, తెలిసినవాళ్ల దగ్గర అప్పుచేసి తమ తొలి రికార్డును తామే అచ్చువేయించుకుంది. పెద్ద కంపెనీ గడప తొక్కకుండానే రికార్డు తేవచ్చని అప్పుడు చాలామందికి ధైర్యం వచ్చింది. 1976లో లండన్‌లో రఫ్ ట్రేడ్ పేరుతో రికార్డుల దుకాణం తెరిచిన జెఫ్ ట్రావిస్, 1978లో అదే పేరుతో లేబుల్ పెట్టాడు. 1979లో కార్డిఫ్ బృందాల పాటలతో వచ్చిన ఒక సంకలనంలో ఈ ముగ్గురి పాటలు విని, రఫ్ ట్రేడ్ లేబుల్ ఈ బృందానికి ఆల్బమ్ అవకాశం ఇచ్చింది. పంక్ ఇచ్చిన స్వేచ్ఛను వీళ్లు తీసుకున్నారు, దాని మోతను మాత్రం వద్దనుకున్నారు.

వద్దనుకున్నవాటిలో మొదటిది డ్రమ్స్. చుట్టాల్లో ఒకరు ఇంట్లో తయారుచేసిన చిన్న రిథమ్ యంత్రం శబ్దాలను క్యాసెట్‌లో ఎక్కించుకుని, వేదిక మీద ఆ క్యాసెట్‌నే వేసేవారు. అందులో వినిపించేది పొడి టిక్కుటిక్కులు, బుసల్లాంటి చప్పుళ్లే. మనిషి డ్రమ్మర్ అయితే పల్లవి వచ్చేసరికి ఊపు పెంచుతాడు, చరణానికి తగ్గిస్తాడు. యంత్రానికి ఆ ఉద్వేగం ఉండదు. పాటలో హెచ్చుతగ్గులు పుట్టించే పని మిగతావాళ్ల మీద పడుతుంది.

అందుకే ఇక్కడ వాద్యాల పాత్రలు తారుమారయ్యాయి. మామూలుగా వెనక ఉండే బాస్ చాలా పాటల్లో రాగాన్ని తానే మోస్తుంది. మామూలుగా ముందుండే గిటారు లయ అందుకుంటుంది. స్టువర్ట్ తీగల మీద అరచేతి అంచును ఆనించి మీటుతాడు. స్వరం మోగీ మోగకముందే ఆగిపోతుంది. ప్రతిధ్వని లేని ఆ తుంపు స్వరాల మధ్య ఖాళీ మిగులుతుంది. ముగ్గులో గీతల నడుమ వదిలిన నేల కూడా ముగ్గులో భాగమైనట్టే, ఆ ఖాళీ కూడా పాటలో భాగమే.

ఆ ఖాళీలో ఆలిసన్ గొంతు నిలబడుతుంది. గమకాలు, సాగదీతలు, కన్నీళ్లు తెప్పించే ప్రయత్నాలు ఏవీ లేవు. ఎక్కువ పాటలు స్టువర్ట్ రాసినవి. వాటిలోని అలకనూ ఎత్తిపొడుపునూ ఆమె పక్కింటి సంగతి చెప్పినంత మామూలుగా పాడుతుంది. దుఃఖమెంతో కొలుచుకునే పని వినేవాడికి వదిలేస్తుంది.

వేల్స్ పల్లెప్రాంతంలోని ఫోయెల్ స్టూడియోలో ఐదు రోజుల్లో రికార్డింగ్ ముగిసింది. పాటలు ముందే గట్టిపడి ఉన్నాయి కాబట్టే అంత త్వరగా అయింది. పొరల మీద పొరలు చేర్చి లోపాలు కప్పుకునే వీలు ఇలాంటి సంగీతంలో ఉండదు. ఒక్క బాస్ స్వరం తప్పినా దాచుకోవడానికి చోటుండదు.

లోటు లేదని కాదు. వరసగా వింటే కొన్ని పాటలు పూర్తికాని చిత్తుప్రతుల్లా అనిపిస్తాయి, ఒకే రంగు పదేపదే కనిపిస్తుంది. కానీ ఈ పద్ధతికి ఎంత బరువు మోసే శక్తి ఉందో చూడాలంటే, అదే 1980లో విడిగా వచ్చిన ‘ఫైనల్ డే’ వినాలి. అణుయుద్ధంతో లోకం ముగిసే రోజు గురించి, రెండు నిమిషాలు కూడా లేని పాట. వెనక సన్నని కూత ఒకటి వినిపిస్తుంటుంది. గాయని గొంతు పెంచదు. పెంచి ఉంటే అది నినాదమయ్యేది.

కోబేన్ లాంటివాళ్లు ఇందులో గుర్తుపట్టింది తమ స్వభావాన్నే. హోరులోనైనా నిశ్శబ్దంలోనైనా, నలుగురూ ఆశించినట్టు కాక తమకు తోచినట్టు వాయించే మొండితనం ఒకటే. నేడు ఇంట్లోని కంప్యూటర్‌లోనే వంద వాద్యాలు దొరుకుతున్నాయి. అన్నీ అందుబాటులో ఉన్నప్పుడు ఏది వాడకూడదో తేల్చుకోవడమే కష్టం. పాట కట్టేవాళ్లు ఈ ఆల్బమ్‌ను ఒకసారి మామూలుగా విని, రెండోసారి బాస్‌ను మాత్రమే పట్టుకుని వినాలి. ఒక పాటకు నిజంగా ఎన్ని స్వరాలు కావాలో అప్పుడు లెక్క తెలుస్తుంది.