కంట్రోల్ గ్రూపుకు ఏం చేయించారు?

"రిజల్ట్ రాలేదు సార్." ఈ వారమంతా నన్ను చికాకు పెట్టిన మాట ఇదే. ఫిజియోథెరపీ పీజీ (ఎంపీటీ న్యూరో) చివరి ఏడాదిలో ఉన్న ఒక అమ్మాయి ఫోన్ చేసి, ఇంట్లో ఏదో జరగరానిది జరిగినంత దిగులుగా చెప్పింది. థీసిస్ కోసం పక్షవాతం వచ్చిన 30 మందిని రెండు గ్రూపులు చేసింది. పదిహేను మందికి మిర్రర్ థెరపీ. బాగున్న చేతిని అద్దంలో చూస్తూ కదిలిస్తే, పడిపోయిన చెయ్యే కదులుతున్నట్టు మెదడుకు తోస్తుంది. ఆ సాధన అన్నమాట. మిగతా పదిహేను మందికి, అంటే కంట్రోల్ గ్రూపుకు, మామూలు ఫిజియోథెరపీ. నాలుగు వారాలయ్యాక కదలికలను కొలిచే ఫుగల్-మేయర్ స్కోరు తీస్తే రెండు గ్రూపులూ దాదాపు సమానంగా మెరుగుపడ్డాయి.

రెండూ సమానమని తేలడం రిజల్ట్ కాక మరేమిటమ్మా అన్నాను. కానీ కాలేజీలో ఆమెకు వేరేలా చెప్పారు. తేడా లేని పేపరును ఏ జర్నలూ తీసుకోదట. ఇంకో నలుగురైదుగురు పేషెంట్లను చేర్చి చూస్తే పి విలువ 0.05 కిందికి దిగొచ్చట.

ఈ సలహా ఇచ్చేవాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ. అలవాటుగా ఇచ్చేస్తారు. అందుకే దీన్ని కాస్త విప్పి చెప్పాలి. 30 మంది అని ముందే నిర్ణయించుకుని, ఫలితం చూశాక నచ్చక ఇంకో నలుగురిని చేర్చి మళ్లీ లెక్క కడతాం. అప్పుడూ నచ్చకపోతే మరో నలుగురిని చేరుస్తాం. ఇలా చూస్తూ, చేరుస్తూ పోతే అసలు తేడా లేనిచోట కూడా ఏదో ఒక లెక్కలో తేడా కనిపించి తీరుతుంది. నూటికి ఐదుసార్లకు మించి పొరబడకూడదని పెట్టుకున్న ఆ 0.05 హద్దు, మధ్యలో తొంగి చూసిన ప్రతిసారీ కొంచెం సడలుతుంది. ఎంతమందిని తీసుకుంటామో, దేన్ని కొలుస్తామో మొదటి పేషెంటును చేర్చుకోకముందే నలుగురికీ కనిపించేలా రాసి పెట్టాలనే నియమం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007 జూలైలో మొదలైంది. 2018 ఏప్రిల్ నుంచి అయితే ముందుగా నమోదు చేసినవాటినే తీసుకుంటోంది. నాకు ఫోన్ చేసిన అమ్మాయి నమోదు చేసింది, 30 అనే రాసింది. కాబట్టి ఆ నలుగురి ప్రస్తావన ఇక వద్దని గట్టిగా చెప్పాను.

ఈ కాలమ్ చదివేవాళ్లకు ఈ విషయంలో నా పట్టుదల కొత్త కాదు. మా ఫిజియోథెరపీ వృత్తిని ముందుకు నడిపిన అధ్యయనాల్లో మేం ఆశించిన ఫలితం రానివే ఎక్కువని నా నమ్మకం. పక్షవాతం వచ్చినవాళ్లను 24 గంటల్లోపే మంచం మీంచి లేపి, పదేపదే నిలబెట్టి, నడిపిస్తే త్వరగా కోలుకుంటారని మేమంతా అనుకునేవాళ్లం. అవర్ట్ అనే అధ్యయనం 5 దేశాల్లోని 56 ఆసుపత్రుల్లో 2104 మంది మీద దీన్ని పరీక్షించింది. 2015లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ఇది: అలా తొందరపెట్టి లేపినవాళ్లలో 46 శాతం మంది, మామూలు పద్ధతిలో చూసినవాళ్లలో 50 శాతం మంది బాగా కోలుకున్నారు. మేం మంచిదనుకున్నదే కాస్త చెరుపు చేసింది. ఆ పేపరు ఎవరి బీరువాలోనో ఉండిపోయి ఉంటే ఎన్ని వార్డుల్లో ఎంతమందిని ఇప్పటికీ అలాగే లేపుతుండేవాళ్లమో!

పేషెంట్లను నడిపించే రోబోల మీద నేను ఇదివరకు ఇక్కడ రాసినప్పుడు కొందరు మిత్రులు నొచ్చుకున్నారు. వాళ్ల కోసం ఇంకొకటి. అమెరికాలోని న్యూరోలాజిక్ ఫిజికల్ థెరపిస్టుల అకాడమీకి సొంత పత్రిక ఉంది, జర్నల్ ఆఫ్ న్యూరోలాజిక్ ఫిజికల్ థెరపీ. అందులో 2020 జనవరిలో ఒక మార్గదర్శకం వచ్చింది. స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటి, కొంతైనా నడవగలిగే స్థితిలో ఉన్నవాళ్లకు నడక వేగం, దూరం పెరగాలంటే ఏం చేయించాలో, ఏం చేయించకూడదో అందులో ఉంది. గుండె వేగం బాగా పెరిగేలా గట్టిగా నడిపించమంది. రోబో సాయంతో నడిపించడాన్ని, బరువును పైనుంచి పట్టీలతో మోస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిపించడాన్ని వద్దంది. ఆ 'వద్దు' ఎలా వచ్చింది? తేడా లేదని తేలిన అధ్యయనాలను ఎవరో ఓపికగా రాసి పంపబట్టి, ఎవరో అచ్చువేయబట్టి.

ఇక ముప్పై మంది ఏపాటి అనేవాళ్లకు: మిర్రర్ థెరపీ మీద 2018లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో 62 అధ్యయనాలున్నాయి. అన్నిట్లో కలిపి 1982 మంది. అంటే ఒక్కో అధ్యయనంలో సగటున 32 మందే. ఆ పెద్ద సమీక్షను కట్టింది ఇలాంటి చిన్న ఇటుకలతోనే. తేడా వచ్చిన ఇటుకలనే పంపి, రానివాటిని దాచేస్తే ఆ గోడ ఎటు ఒరుగుతుందో చెప్పక్కర్లేదు. అందుకే థీసిస్ నాకు పంపు, ఏ పత్రికకు సరిపోతుందో ఇద్దరం కలిసి చూద్దాం అన్నాను.

పంపింది. మెథడ్స్ తెరిచాను. అద్దం పెట్టె కొలతలు, దాన్ని పెట్టే కోణం, పేషెంటు కూర్చునే కుర్చీ ఎత్తు, ఏ కదలిక తర్వాత ఏది, ఫొటోలతో సహా రెండు పేజీలు. ముచ్చటేసింది. దాని కింద కంట్రోల్ గ్రూపుకు ఒకే ఒక్క వాక్యం: కన్వెన్షనల్ ఫిజియోథెరపీ, రోజుకు 30 నిమిషాలు.

ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. చాలా ఏళ్ల కిందటి ఒక పాల పద్దు పుస్తకం గుర్తొచ్చింది.

అప్పుడు నేను ఒక జిల్లా ఆసుపత్రి ఫిజియో గదిలో పనిచేసేవాణ్ణి. ఒక షోల్డర్ వీలు, ప్యారలల్ బార్స్, కాళ్లు ఊగే ఒక బల్ల, ఎప్పుడూ ఒకటి రెండు మేకులు తక్కువగా ఉండే పెగ్ బోర్డు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన ఒకాయనకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతే భార్య రిక్షాలో తీసుకొచ్చేది. మా దగ్గరికి వచ్చేసరికే ఊళ్లో పావురం రక్తంతో మర్దనా అయిపోయింది. ఆ రోజుల్లో అది చేయించకుండా వచ్చినవాళ్లు అరుదు. రోజూ రావడం వాళ్లవల్ల అయ్యేది కాదు, రిక్షా ఖర్చు ఒకటి, ఇంట్లో గేదె ఒకటి. అందుకని ఆవిడకే అన్నీ నేర్పి, ఇంట్లో చేయించమని చెప్పి, వారానికోసారి రమ్మన్నాను.

మొదటి వారం తర్వాత వచ్చినప్పుడు ఏం చేయించారమ్మా అని అడిగితే, ఆవిడ సంచిలోంచి పాల లెక్కలు రాసుకునే పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. "నాకు నోటితో చెప్పడం రాదు బాబూ, ఇందులో రాశాను, చూసుకోండి" అంది. ఎడమ పేజీలో ఎవరింటికి ఎన్ని పాలు పోసిందీ ఉంది. కుడి పేజీలో ఆయన. పొద్దున గుమ్మం పట్టుకుని లేచి నిలబడ్డం, పది సార్లు, ఆరోసారి మోకాలు వణికింది. పళ్లెంలోంచి గిన్నెలోకి శనగలు తియ్యడం, ఏడు గింజలు, తర్వాత విసుక్కుని పళ్లెం తోసేశారు. సాయంత్రం కాలికి వాపు, చేయించలేదు. మర్నాడు ఆడపడుచు వచ్చింది, చేయించలేదు. ఆ తర్వాతి రోజు వీధి అరుగు దాకా నడిచారు, తిరిగొచ్చేటప్పుడు స్తంభం పట్టుకున్నారు. రాత్రి భుజం నొప్పి అన్నారు, చెయ్యి పైకి ఎత్తించడం మానేశాను.

నాకు చదువులో చెప్పని సంగతులన్నీ ఆ కుడి పేజీలో ఉన్నాయి. ఏం చేయించారు, ఎన్ని సార్లు, ఎక్కడ, ఎవరు, ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు, చేయించినందువల్ల ఏ ఇబ్బంది వచ్చింది. భుజం నొప్పి గురించి ఆ ఒక్క వాక్యం లేకపోతే నేను పై వారం చేతిని ఇంకా పైకి ఎత్తించమనే చెప్పి ఉండేవాణ్ణి. తర్వాత నెలల్లో ఆయన కర్ర లేకుండా వీధి చివరి దాకా నడిచారు. చెయ్యి మాత్రం అనుకున్నంత రాలేదు. ఎందుకు రాలేదో కూడా పుస్తకం చెప్పింది. కాలికి సంబంధించిన పనులు రోజుకు యాభై, అరవై సార్లు ఉండేవి. చేతికి ఏడు శనగలు, తొమ్మిది శనగలు. ఒక రోజు అసలు లేదు.

2009లో అమెరికా నుంచి ఒక పేపరు వచ్చింది. పరిశోధకులు 7 చోట్ల 312 థెరపీ సెషన్లను పక్కనే కూర్చుని గమనించి, ఏ కదలిక ఎన్నిసార్లు చేయిస్తున్నారో లెక్కపెట్టారు. చేతికి థెరపీ ఇచ్చిన సెషన్లలో దాదాపు సగంలోనే పనికొచ్చే పని ఏదైనా చేయించారు. చేయించిన చోటైనా సగటున 32 సార్లే. మెదడులో మార్పు కోసం జంతువుల మీద చేసే ప్రయోగాల్లో ఇదే లెక్క వందల్లో ఉంటుంది. అంత పెద్ద దేశంలో, అన్ని సౌకర్యాల మధ్య అంతకుముందు పెద్దగా ఎవరూ లెక్కపెట్టని సంగతిని మా జిల్లాలో పాలు పోసే ఆవిడ తన వంతుగా రాసిపెట్టింది. నేను నోట్‌బుక్, నోట్‌బుక్ అని ప్రతి నెలా ఎందుకు అంటానో పాత పాఠకులకు తెలుసు. కొత్తవాళ్ల కోసం ఈసారి మొత్తం చెప్పాను.

ఇక ఆ ఒక్క వాక్యం సంగతి. 30 నిమిషాలు ఏం చేయించారు? షోల్డర్ వీలు తిప్పించారా? థెరపిస్టే చెయ్యి పట్టుకుని పాసివ్‌గా కదిలించారా? గ్లాసు అందుకోవడం, బొత్తాం పెట్టుకోవడం రెండు వందల సార్లు చేయించారా? చివరిది చేయించి ఉంటే, అద్దం పెట్టె లేకుండానే అంతే మేలు జరుగుతుందని అర్థం, అది మన పల్లెలకు పెద్ద వార్త. ఊరికే చెయ్యి కదిలించి ఉంటే, మొదటి నెలల్లో దానంతటదే వచ్చే మెరుగుదలకు మించి అద్దం ఏమీ చేయలేదని అర్థం. ఒకే వాక్యంలోంచి ఒకదానికొకటి పొసగని రెండు వార్తలు. ఏది నిజమో ఆ థీసిస్ చదివి ఎవరూ చెప్పలేరు.

లీప్స్ అనే అధ్యయనంతో పోల్చి చూడండి. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది, 408 మంది. బరువు మోసే ట్రెడ్‌మిల్ నడకను కొందరికి రెండో నెలలో, కొందరికి ఆరో నెలలో మొదలుపెట్టారు. మూడో గ్రూపు వారికి థెరపిస్టు ఇంటికి వెళ్లి బలానికి, నిలకడకు వ్యాయామాలు చేయించారు. ఏడాది తిరిగేసరికి ట్రెడ్‌మిల్ వాళ్లకు ఇంటి గ్రూపు మీద ఆధిక్యం రాలేదు. అందరినీ కలిపి చూస్తే 52 శాతం మందికి నడక మెరుగైంది. ఆ పేపరు మాకు ఎందుకు పనికొచ్చింది? ఇంటి గ్రూపుకు కూడా 36 సెషన్లు, ఒక్కోటి 90 నిమిషాలు, 12 నుంచి 16 వారాలు అని ట్రెడ్‌మిల్‌కు ఇచ్చినంత మర్యాద ఇచ్చి రాశారు కనుక. యంత్రం లేని ఊళ్లో ఏం చేస్తే సరిపోతుందో దాంతో తెలిసింది.

మన దేశంలోనూ ఇలాంటి పని జరిగింది. అటెండ్ అనే అధ్యయనంలో 14 ఆసుపత్రుల్లో 1250 మందిని తీసుకున్నారు. ఒక గ్రూపులో ఇంటివాళ్లకే పునరావాసం నేర్పి, ఆసుపత్రిలో మొదలుపెట్టించి, ఇంట్లో 2 నెలల దాకా సాగించేలా చూశారు. 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడి ఉన్నవాళ్లు కలిపి రెండు గ్రూపుల్లోనూ 47 శాతమే. దీన్ని పట్టుకుని ఇంటివాళ్లకు నేర్పడం దండగ అని మీటింగుల్లో చెప్పేవాళ్లను విన్నాను, బాధపడ్డాను. రెండో గ్రూపువాళ్ల ఇళ్లలో భార్యలు, కొడుకులు, కోడళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారా? మన ఇళ్లు తెలిసినవాళ్లెవరూ అలా అనుకోరు.

ఏం చేయించారో సరిగా రాయని ఈ లోటు అచ్చయ్యే పేపర్లలో ఎంత ఉందో 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్క వచ్చింది. మందులతో పనిలేని 137 చికిత్సలను పరిశీలిస్తే, చదివినవాళ్లు తిరిగి చేయగలిగినంత వివరంగా రాసినవి 39 శాతం. మరుసటి ఏడాదే టైడియర్ పేరుతో 12 అంశాల జాబితా తెచ్చారు: ఎవరు, ఎక్కడ, ఎంతసేపు, ఎన్నిసార్లు, మధ్యలో ఏం మార్చారు, చివరికి ఎంత జరిగింది. ఆవిడ కుడి పేజీకి ఇందులో చాలా మార్కులు వస్తాయి.

అందుకని, తేడా రాని పేపర్లన్నీ అచ్చవ్వాలని ఇన్నేళ్లుగా వాదిస్తున్న నేనే, ఈ పేపరును ఇప్పుడే పంపొద్దని ఆ అమ్మాయికి చెప్పాను. తేడా రాలేదని కాదు. తేడా వచ్చి ఉన్నా ఇదే చెప్పేవాణ్ణి. కేసు షీట్లు తీయమన్నాను, హాజరు రిజిస్టరు చూడమన్నాను, ఆ పదిహేను మందికి థెరపీ ఇచ్చిన జూనియర్లను విడివిడిగా కూర్చోబెట్టి అడగమన్నాను. దొరికింది దొరికినట్టు రాసి, దొరకనిది దొరకలేదని రాసి, అప్పుడు పంపమన్నాను. ఏమీ దొరక్కపోతే పంపకపోవడమే మేలు. మార్చిలోపు పబ్లికేషన్ చూపించాలి సార్ అని ఆమె కన్నీళ్లు పెట్టుకుంది. ఆ గడువు బరువు నాకు తెలుసు. దాన్ని సొమ్ము చేసుకునేవాళ్లూ ఉన్నారు. సరైన సమీక్ష లేకుండా డబ్బు తీసుకుని పేపర్లు వేసిందని హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ మీద 2019 మార్చిలో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. అటువైపు మాత్రం పోవద్దన్నాను.

విజయవాడ, వరంగల్ ఆరోగ్య విశ్వవిద్యాలయాల్లో ఎంపీటీ థీసిస్‌లు చూసే పెద్దలను ఒకటి అడుగుతున్నాను. కంట్రోల్ గ్రూపుకు ఏం చేయించారో ఒక పూర్తి పేజీ రాయడం తప్పనిసరి చేయండి. రెండు గ్రూపుల ఇంటివాళ్లకూ మొదటి రోజే ఒక పుస్తకం ఇప్పించి, వాళ్లు తెలుగులో రాసిన పేజీల నకళ్లు, పేర్లు తీసేసి, థీసిస్ వెనక కుట్టించండి. వైవాలో పి విలువ అడగబోయే ముందు ఆ పేజీలు తిప్పి చూడండి. అవి లేని థీసిస్‌ను, ఫలితం ఎంత గొప్పగా ఉన్నా, సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి.