కొత్త బియ్యం ఎవరి కళ్ళంలోవి?

ఏటా ధనుర్మాసం చలి ముదరగానే పత్రికల అనుబంధాల్లోకీ పుస్తకాల షాపుల్లోకీ సంక్రాంతి వంటలు దిగిపోతాయి. ఇంటికొచ్చిన అతిథులకు చలికాలపు విందు అన్నది వీటి అరిగిపోయిన మకుటం. అరిసెలు, పాకుండలు, జంతికలు, కలగాయ కూర, కనుమ నాటికి గారెలూ కోడికూర. వీటినెవరూ రచనలుగా లెక్కవెయ్యరు గనక విమర్శకు దొరక్కుండా తిరుగుతున్నాయి. మేం మాత్రం వీటిని రచనలుగానే చదువుతున్నాం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెద్ద పండగ ఎవరిదో, ఎలా చేసుకోవాలో మా పిల్లలు ఇవాళ వీటిలోంచే నేర్చుకుంటున్నారు.

అరిసెల దగ్గర ఆగుదాం. కావలసినవి: కొత్త బియ్యం, బెల్లం, నువ్వులు, నెయ్యి. ఆ కింద, బియ్యం నానబెట్టి, నీళ్ళు వంపి, తడి ఆరకముందే పిండి కొట్టించాలి అని ఉంటుంది. ఈ రెండు వాక్యాల నడుమ కులం ఉంది. వరి కోసి, కుప్పేసి, నూర్చి, తూర్పారబట్టినంతసేపూ మాల మాదిగల చేతులకు మైల లేదు. పొడి గింజకు అంటు లేదని మా పెద్దలు చెప్పేవారు. బియ్యంలో నీళ్ళు పడ్డాయో లేదో అదే చెయ్యి అంటరానిదైపోయేది. తడిపిండి ముట్టుకోకూడదు, పాకం దరికి రాకూడదు, పెరటి గుమ్మం దాటకూడదు. పండగ పూట వాళ్ళకు దక్కేది ఆ గుమ్మం అవతల పైనుంచి పడే నాలుగు అరిసెలు. ఇంత కథనీ పుస్తకం 'నానబెట్టాలి' అన్న ఒక్క మాటలో మింగేసింది. ఎవరు నానబెట్టాలి? ఆ క్రియకు కర్త ఉండడు. కర్తను దాచుకోనిచ్చే సౌకర్యం తెలుగులో ఉంది, వంటల పుస్తకాలు దాన్ని బాగానే వాడుకున్నాయి.

ఈ పుటలు చదివి వినిపిస్తే మా వాడ ముసలమ్మ ఒకామె, "కొత్త బియ్యం అంతే ఎవులి కళ్ళంలోవి నాయినా?" అంది. మేం రాస్తున్నదంతా ఆ ప్రశ్నకు వ్యాఖ్యానమే. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో తూర్పు కాపుల దాడిలో ఐదుగురు దళితులు చనిపోయారు. మడ్డువలస ప్రాజెక్టు కోసం సేకరించిన భూమిని ఎవరు దున్నుకోవాలన్నదే ఆ తగువు. అప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 నుంచి విజయనగరం జిల్లాలోకొచ్చింది. నేల అడిగితే ప్రాణం పోయిన చోట, కొత్త బియ్యం రెండు తవ్వలు అని అంత తేలిగ్గా ఎలా రాసేస్తారు?

చోళ్ళ సంగతి మరొకటి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమన్నాక ఇవీ పుస్తకాలకెక్కాయి, రాగి లడ్డులూ రాగి మాల్టులూ అయ్యి. చోడంబలి అన్న పేరు మాత్రం ఎక్కలేదు. పేరు ఎక్కితే దాన్ని తాగి పొలానికెళ్ళిన మనుషులూ వెంట వస్తారు గదా!

అయితే నేరమంతా పుస్తకాలదే అంటే మేం అబద్ధమాడినట్టే. పండక్కి మా ఇళ్ళకొచ్చే అతిథులెవరు? వైజాగు, హైదరాబాదు, చెన్నైలకు పనికెళ్ళిన మా అన్నదమ్ములూ, వాళ్ళ పిల్లలూ. వాళ్ళొస్తున్నారంటే మా అమ్మలు అంబలి కుండ చాటుకి జరిపేస్తారు, ఎండుచేపల వాసన రాకుండా తలుపేసేస్తారు. అప్పు చేసి నెయ్యి కొంటారు. చదువుకున్న మేమూ స్నేహితుల్ని పిలిచినప్పుడు ఆ పనే చేశాం. పెద్దకూర మాటైతే గొంతు దాటదు.

మరాఠీలో షాహూ పాటోళే 2015లో 'అన్న హే అపూర్ణబ్రహ్మ' రాశారు. అన్నం పూర్ణబ్రహ్మ అన్న నానుడిని పేరులోనే తిరగేసి, మరాఠ్వాడా దళితుల వంటను వండే తీరుతో సహా పుస్తకంలో పెట్టారు. 2024లో అది ఇంగ్లీషులోకీ వచ్చింది. ఉత్తరాంధ్ర వాడల నుంచి అలాంటిది రావాలంటే ముందు మేం తలుపు తియ్యాలి. ఆకలి తిండిని గొప్ప చెయ్యమని మేమనడం లేదు. చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమని 1927లో మహద్‌లో అంబేడ్కర్ చెప్పిన మాట మాకు గుర్తుంది. ఏది బలవంతాన తిన్నామో, ఏది ఇష్టంగా తిన్నామో విడదీసి రాయాల్సింది మా ఆడవాళ్ళే.

సంక్రాంతి నాడు మా ఇళ్ళలో పెద్దలకు పెడతాం. పోయినవాళ్ళు ఏది ఇష్టంగా తినేవారో అదే ఆకులో వెయ్యాలంటుంది మా అమ్మ. చాటున పెట్టిన అంబలీ, ఎండుచేపల పులుసూ ఆ పూట బయటికొస్తాయి. పక్క గదిలో కూచున్న చుట్టాలకి అరిసెలు పెడతాం.