వృద్ధ శుశ్రూష: ఒక గ్రంథ విమర్శనము

అతుల్ గవాండేగారు అమెరికాలోని బోస్టను నగరమందు శస్త్రవైద్యులు. వీరి తలిదండ్రులు భారతదేశమునుండి యచటికి వలసపోయిన వైద్యులు. 2014లో వీరు ఆంగ్లమున ప్రకటించిన 'బీయింగ్ మోర్టల్' అను గ్రంథము వార్ధక్యమును, మరణమును గూర్చినది. అందు వృద్ధుల పరిచర్యాలయములను గూర్చిన భాగమును మాత్రమే మేమిచట పరిశీలింప దలచితిమి. ఏలయన, ఆ సమస్య నేడు మన గడప త్రొక్కినది.

అచటి నర్సింగుహోము మన పట్టణములలో ఆ పేరితో వ్యవహరింపబడు చిన్న ఆసుపత్రి గాదు. స్నానమునకు, భోజనమునకు, నడకకు పరుల సాయము వలసిన ముదుసళ్లు తుదిదాక నివసించు తావది. అది ముదుసళ్ల కోరికనుబట్టి పుట్టలేదని గ్రంథకర్త చూపుచున్నారు. నయముగాని రోగులతో ఆసుపత్రి మంచములు నిండిపోగా, వారిని వేఱుగ నుంచు కట్టడములకు 1954లో అచటి ప్రభుత్వము ధనమిచ్చెను. మంచములు ఖాళీచేయుటకై వెలసిన గృహము మనుష్యుని మనసు నెఱుగకుండుట వింతగాదు. మందు వేళకిచ్చిరి, పక్క శుభ్రముగ నున్నది, ఎవరును జారిపడలేదు. ఈ మూటితో లెక్క ముగియును. ఎప్పుడు మేల్కొనవలెను, ఎవరితో గది పంచుకొనవలెను అను విషయములలో ముదుసలి మాట చెల్లదు.

దీనికి ప్రతిగా గ్రంథకర్త చూపిన యుదాహరణములు రెండు గణనీయములు. 1983లో కెరెన్ విల్సన్ అను నామె ఆరెగాను రాష్ట్రమందలి పోర్ట్‌లాండులో 112 వాటాల గృహమును నెలకొల్పి, ప్రతివారికిని లోపల గడియ వేసికొనదగిన తలుపు నిచ్చెను. ఆరోగ్యము చెడునని పలువురు భయపడిరి, చెడలేదు. ప్రభుత్వమునకు వ్యయమును తగ్గెను. 1991లో బిల్ థామస్ అను యువవైద్యుడు న్యూయార్కు రాష్ట్రమందలి యొక పరిచర్యాలయమునకు రెండు కుక్కలను, నాలుగు పిల్లులను, నూఱు చిలుకలను తెచ్చెను. విసుగు, ఒంటరితనము, నిస్సహాయత అను మూడు రోగములకు అతడెంచుకొన్న మందది. రెండేండ్లలో మందుల చీటీలు పోల్చిచూచిన మఱియొక గృహమందలి వానిలో సగమునకు దిగినవి. మరణములు నూటికి 15 తగ్గినవి. ఒక్కచోటి ఫలితము సర్వత్ర ప్రమాణము గాజాలదు. అయినను, ఒక ప్రాణికి మేతపెట్టు పని దొరకిన ముదుసలి మరల లేచి నడచుటలో అసంభవమేమున్నది?

గ్రంథకర్త తమ తాతగారైన సీతారాం గారి కథయు చెప్పిరి. వారు మహారాష్ట్రమందలి ఊటి గ్రామమున, కుటుంబము నడుమ, ఇంచుమించు 110 ఏండ్లు జీవించిరి. ఇది చదివి మనవారు "చూచితిరా, మన ఉమ్మడి కుటుంబమే మేలు" అని మురియుదురేమో! గ్రంథకర్త యట్లు మురియలేదు. మేమును మురియజాలము. ఆ పరిచర్య ఎవరి చేతులతో జరుగును? మన యిండ్లలో కోడలి చేతులతో గదా! ఆమెకు జీతము లేదు, సెలవు లేదు. అత్తగారిని లేవనెత్తి నడుము నొచ్చినదని చెప్పుకొనుటకు నోరును లేదు. ఆమె చదువును, ఉద్యోగమును బలిపెట్టి పెద్దలను గౌరవించితిమనుట ఆత్మవంచనయే.

మాకు తోచిన లోపమొకటి గలదు. గ్రంథమందు వైద్యులును, సంస్థాపకులును కన్పట్టినంతగా, రాత్రివేళ పక్కబట్టలు మార్చు ఆయా కన్పట్టదు. ఆమె వేతనమెంత, ఎందఱి భారము ఆమెపై నున్నది అను ప్రశ్నలు ప్రధానములు కాలేదు. పరిచర్య మంచిచెడ్డలు తుదకు తేలునది ఆమె చేతిలోనే.

ఇక మన శాసనము. తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో పుట్టినది. నిరుపేద వృద్ధులకై జిల్లాకొకటి చొప్పున, 150 మందికి తక్కువగాక ఆశ్రయమిచ్చు గృహములను రాష్ట్ర ప్రభుత్వములు స్థాపింప'వచ్చు'నని 19వ సెక్షను పలుకుచున్నది. గృహముల ప్రమాణములను నిర్ణయించుటయు 'వచ్చు'నే! 'వలెను' అని యుండవలసిన చోట 'వచ్చును' అని యున్నప్పుడు వృద్ధుని హక్కు పాలకుని దయగా మాఱును. తలల సంఖ్య స్పష్టముగ నున్నది. పరిచర్య గుణము పిమ్మట వ్రాయబడు నియమములకు వదలబడినది.

సంస్కృతమున 'శుశ్రూష' యనుమాటకు మొదటి యర్థము వినవలెనను కోరిక. సేవ యనునది పిదప వచ్చిన యర్థము. ఈ క్రమము మఱవరానిది. పెద్దలను వృద్ధాశ్రమమున చేర్పబోవువారు పాలరాతి నేలను, పూలతోటను చూచి తృప్తిపడక యిట్లడుగుదురుగాక: రాత్రివేళ ఎందఱు ముదుసళ్లకు ఒక్క ఆయా? మరుగుదొడ్డికి పోవలెనని పిలిచిన ఎంతసేపటికి వచ్చును? భోజనవేళను ఎవరు నిర్ణయింతురు? ఫిర్యాదు చేసినచో వినువారెవరు? జవాబును కార్యాలయమందే గాక, అచట నివసించు ముదుసలి ప్రక్కన కూర్చుండి, ఆమె నోటనే వినవలెను.