గేజి పట్టిన చెయ్యి

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో అందరూ కారు నడిపేవాణ్ణే చూస్తారు. నా చూపు మాత్రం పిట్‌లో టైరు గాలి కొలిచే గేజి పట్టుకుని చక్రం పక్కన గొంతుక్కూర్చునే మనిషి మీదే. పొద్దున చల్లగా 32 పీఎస్‌ఐ ఉన్న టైరు, గట్టిగా నాలుగు రౌండ్లు తిరిగొస్తే 38 దాకా ఎక్కొచ్చు. అలా ఉబ్బితే నేల మీద పట్టు జారుతుంది. వేడి చల్లారకముందే చూసి, గాలి కొంచెం కొంచెంగా వదలాలి. కుడి మలుపుల్లో బరువంతా ఎడమ టైర్ల మీద పడుతుంది, అవే ఎక్కువ కాగుతాయి; నాలుగింటికీ ఒకే లెక్క కుదరదు. టైరు అంచున సుద్దతో గీసిన గీత ఎంతవరకు చెరిగిందో చూసి, గాలి ఎక్కువో తక్కువో అతను ఇట్టే చెప్పేస్తాడు. (నన్నడిగితే గేజి కన్నా ఆ గీతే నమ్మకం.) సాయంత్రం కారు హైవే ఎక్కేముందు, వదిలిన గాలి మళ్లీ నింపేదీ అతనే.